ఒడిని బట్టి దుప్పటి

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)



దుప్పటి అనగానే మనకు మంచం గుర్తుకొస్తుంది. మంచం పొడుగెంత, వెడల్పెంత అని చూసుకుని దుప్పటి కొంటాం. కాని రోజులో ఎక్కువ భాగం కుర్చీలోనే గడిపే మనిషికి ఎలాంటి దుప్పటి కావాలో అంతగా ఆలోచించం. ఇంట్లో మామగారో, అత్తగారో, పెద్దవారైన అమ్మమ్మగారో ఉంటారు. పొద్దున్నే వరండాలో పడకకుర్చీలో కూర్చుంటారు. మార్గశిర, పుష్య మాసాల్లో మోకాళ్ళు చల్లబడిపోతాయి. మంచం మీది రగ్గు తెచ్చి కప్పామనుకోండి, అది బరువు. సగం నేలమీద పడుతుంది. లేవబోతే కాళ్ళకు చుట్టుకుంటుంది. ఈ వయసులో పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. పోనీ శాలువా కప్పుదామంటే జారిపోతుంది. తువ్వాలు చాలదు.

ఈ మూడింటికీ మధ్యరకం ఒకటి కావాలి. నడుము దగ్గర మొదలై, మోకాళ్ళను కప్పి, పిక్కలు దాటి, చీలమండల దగ్గర ఆగిపోయేది కావాలి. ఇంగ్లీషులో దీన్ని లాప్ బ్లాంకెట్ అంటారు. మనం ఒడి దుప్పటి అనుకుందాం. ఈ ఒడి దుప్పటిని క్రోషే సూదితో, నడిమినుంచి మొదలుపెట్టి నాలుగు వైపులకూ పెంచుకుంటూ ఎలా అల్లుకోవచ్చో ఈనాడు ముచ్చటించుకుందాం.

"మన ఊళ్ళలో ఎండలే భరించలేకుండా ఉన్నాం, ఉన్ని దుప్పటి ఏమిటండీ?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నిజమే. కాని ఇప్పుడు మనవాళ్ళకు చలి వేసేది చలికాలంలో మాత్రమే కాదు. ఏ.సి. రైలు పెట్టెలో వేస్తుంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిన తల్లిదండ్రులకు మంచు కురిసే రోజుల్లో కిటికీ పక్కన కూర్చున్నా వేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా ఆస్పత్రిలో వేస్తుంది.

డయాలిసిస్ చేయించుకునేవారి సంగతి తీసుకోండి. వారానికి రెండుసార్లో మూడుసార్లో, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు, వారు ఒకేచోట కదలకుండా ఉండాలి. రక్తం గొట్టాల్లోంచి యంత్రంలోకి వెళ్ళి మళ్ళీ ఒంట్లోకి వస్తుంది. ఆ దారిలో కొంత చల్లబడుతుంది. పైన ఏ.సి. ఉంటుంది. అందుకే చాలామందికి అక్కడ వణుకు పుడుతుంది. అయితే నిలువెల్లా దుప్పటి కప్పేయడానికి వీల్లేదు. సూదులు గుచ్చిన చెయ్యి, గొట్టాలు నర్సులకు ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. సూది కదిలి రక్తం కారుతున్నా దుప్పటి కింద ఎవరికీ తెలియదు మరి. అలాంటిచోట నడుము కిందికి మాత్రమే కప్పి, చేతులను బయటికి వదిలిపెట్టే ఒడి దుప్పటి ఎంత ఉపకారమో ఆలోచించండి. ఇంటినుంచి తెచ్చుకోవచ్చునా అని అక్కడివారిని ముందుగా అడగండి. ఒప్పుకుంటే ప్రతిసారీ ఉతికి పంపండి.

"అంగడిలో దొరకవా?" అంటే దొరుకుతాయి. కాని వాటి కొలత కొట్టువాడిది, మన మనిషిది కాదు. పొట్టివారుంటారు, పొడుగువారుంటారు. మామూలు కుర్చీ ఒక రకం, చక్రాల కుర్చీ ఇంకో రకం. నడిమినుంచి అల్లడంలో ఉన్న గొప్ప సుఖం ఇక్కడే ఉంది. ఒక అంచునుంచి మొదలుపెట్టి అల్లే దుప్పటికి వెడల్పు ఎంతో మొదటి వరసలోనే తేల్చేసుకోవాలి. తరవాత అది ఎక్కువైనా తక్కువైనా చేసేదేమీ లేదు. నడిమినుంచి అల్లేది అలా కాదు. అది చిన్నదిగా పుట్టి, నాలుగు వైపులా సమానంగా పెరుగుతుంది. ఏ చుట్టు దగ్గర ఆపినా అది పూర్తయిన దుప్పటే. మధ్యమధ్య తీసుకెళ్ళి ఆ మనిషి ఒళ్ళో పరిచి చూడవచ్చు. "ఇంకో నాలుగు వేళ్ళు కావాలమ్మా" అంటే ఇంకో మూడు చుట్లు వెయ్యవచ్చు. "చాలు తల్లీ" అంటే ఆపెయ్యవచ్చు.

క్రోషే మనకు పరాయి విద్యేమీ కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక తరతరాలుగా ఇంటింటి పని అయింది. నర్సాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. వాళ్ళు సన్నని నూలుతో, సన్నని సూదితో అల్లే కుట్లే ఇవీను. మనం లావు ఉన్నితో, లావు సూదితో అల్లుతాం, అంతే తేడా.

ఇక సామగ్రి. 4 మిల్లీమీటర్ల క్రోషే సూది ఒకటి. డబుల్ నిట్టింగ్ అనే మధ్యరకం లావు ఉన్ని 500 గ్రాములు. చివర దారాలు దాచడానికి లావు కన్నం ఉన్న, మొన తేలని సూది ఒకటి. కొలత టేపు, కత్తెర.

ఉన్ని కొనేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. మొదటిది, ఉండ మీది కాగితంలో రంగు పేరుతోపాటు లాటు నంబరు కూడా ఉంటుంది. ఒకే రంగయినా లాటు మారితే నీడ మారుతుంది. కాబట్టి అన్నీ ఒకే లాటువి తీసుకోండి. రెండోది, అది గొర్రె ఉన్నా, అక్రిలిక్కా అన్నది. గొర్రె ఉన్ని వెచ్చన, కాని వేణ్ణీళ్ళలో వేసి రుద్దితే ముడుచుకుపోతుంది. అక్రిలిక్ ముడుచుకుపోదు, తరచు ఉతకడానికి వీలు, ధరా తక్కువ. కాని దానికి వేడి పడదు. ఇస్త్రీపెట్టె తగిలితే కుట్టు చచ్చి బల్లపరుపుగా అయిపోతుంది. నిప్పంటుకుంటే కరిగి చర్మానికి పట్టుకుంటుంది. అందుచేత అక్రిలిక్ దుప్పటి కప్పుకున్నవారిని పొయ్యి దగ్గర, దీపారాధన దగ్గర కూర్చోబెట్టకండి. ఆస్పత్రికి తీసుకెళ్ళేదయితే తరచు ఉతకాలి గనక అక్రిలిక్కే మేలు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళవారు లావు నూలుతో కూడా అల్లుకోవచ్చు. కాకపోతే నూలు బరువెక్కుతుంది, తడిస్తే ఆలస్యంగా ఆరుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు చెబుతాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. రేడియోలో నేను చేసి చూపించలేను గదా!

చతురస్రం అల్లాలంటే మధ్యలో చిన్న ఉంగరంలా చైను వేసి మొదలుపెడతాం. అది ఎన్ని చుట్లు పెంచినా చతురస్రంగానే ఉంటుంది. మరి పొడుగు ఎక్కువగా, వెడల్పు తక్కువగా ఉన్న దీర్ఘ చతురస్రం ఎలా వస్తుంది? ఉంగరానికి బదులు నిటారుగా ఒక గొలుసు వేసి, దాని చుట్టూ అల్లాలి. ఆ గొలుసు ఎంత ఉండాలి? దుప్పటి పొడుగులోంచి వెడల్పు తీసివెయ్యండి. మిగిలినంత ఉండాలి. ఎందుకంటే ప్రతి చుట్టూ నాలుగు వైపులా సమానంగానే పెరుగుతుంది. కాబట్టి పొడుగుకూ వెడల్పుకూ మొదట్లో ఎంత తేడా ఉందో చివరిదాకా అంతే తేడా ఉంటుంది. పొడుగు 90 సెంటీమీటర్లు, వెడల్పు 75 కావాలనుకోండి. అంటే సుమారు 36 అంగుళాలు, 30 అంగుళాలు. తేడా 15 సెంటీమీటర్లు. మన గొలుసు 15 సెంటీమీటర్లు ఉంటే చాలు. పెద్ద దుప్పటికి ఇంత చిన్న గొలుసా అని సందేహించకండి.

ఆ 15 సెంటీమీటర్లలో ఎన్ని చైన్లు పడతాయన్నది మీ చేతి బిగువును బట్టి ఉంటుంది. ముందుగా ట్రెబుల్ కుట్టుతో జానెడు ముక్క ఒకటి అల్లి చూడండి. 10 సెంటీమీటర్లలో 16 ట్రెబుళ్ళు, నిలువునా 10 సెంటీమీటర్లలో 8 వరసలు వస్తే ఇప్పుడు నేను చెప్పే లెక్క సరిగ్గా సరిపోతుంది. 15 సెంటీమీటర్లకు 24. దానికి మూడు కలపండి, 27. ఆ మూడూ ఎందుకంటే గొలుసు కొసల్లో పొట్టి వైపుకు మూడు కుట్లు మొదట్లోనే వస్తాయి. వాటికి సరిజోడు అన్నమాట. మీ చేతికి 10 సెంటీమీటర్లలో 14 వస్తే 15 సెంటీమీటర్లకు 21, మూడు కలిపితే 24. ఇలా సరిసంఖ్య వచ్చినప్పుడు ఇంకొకటి కలిపి 25 చెయ్యండి. మొదటి గొలుసు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉండాలి. దాని అవసరం ముందుముందు తెలుస్తుంది.

ట్రెబుల్ మీలో చాలామందికి వచ్చు. రానివారి కోసం చెబుతాను. సూదికి దారం ఒకసారి చుట్టి, కన్నంలోకి దూర్చి, దారం లాగితే సూదిమీద మూడు ఉచ్చులు ఉంటాయి. దారం పట్టి రెండు ఉచ్చుల్లోంచి లాగండి, రెండు మిగులుతాయి. మళ్ళీ దారం పట్టి ఆ రెండింటిలోంచీ లాగండి, ఒకటి మిగులుతుంది. ఇదే ట్రెబుల్. అమెరికా పుస్తకాల్లో దీన్నే డబుల్ క్రోషే అంటారు. మన దగ్గర వాడుకలో ఉన్నది ఇంగ్లండు పేరు. పుస్తకం చూసి అల్లేవారు అది ఏ దేశానిదో ముందు చూసుకోండి. లేకపోతే లెక్కలన్నీ తారుమారవుతాయి.

సరే, మొదటి చుట్టు. 27 చైన్లు వెయ్యండి. ఇంకో మూడు చైన్లు వెయ్యండి. ఈ మూడూ నిలబడి ఒక ట్రెబుల్ కింద లెక్క. ఇప్పుడు సూది దగ్గరనుంచి లెక్కపెట్టి అయిదో చైనులో ఒక ట్రెబుల్ వెయ్యండి. అక్కడినుంచి కొసదాకా ఒక్కో చైనులో ఒక్కో ట్రెబుల్. మొదటి మూడు చైన్లతో కలుపుకుని 27 అవుతాయి. కొస చైను చేరారు గదా, అదే చైనులో రెండు చైన్ల సందు, మూడు ట్రెబుళ్ళు, మళ్ళీ రెండు చైన్ల సందు, ఒక ట్రెబుల్ వెయ్యండి. ఆ కన్నం కొంచెం సాగుతుంది, ఫరవాలేదు. ఇప్పుడు పని గొలుసు అడుగు వైపుకు తిరిగింది. అడుగున 25 చైన్లలోనూ ఒక్కొక్క ట్రెబుల్ వెయ్యండి. మొదటి కొస చైనులో ఒక ట్రెబుల్, రెండు చైన్లు, మూడు ట్రెబుళ్ళు, రెండు చైన్లు వేసి, మొట్టమొదట నిలబెట్టిన మూడు చైన్ల తలకు జారుకుట్టుతో కలిపెయ్యండి. ఇంగ్లీషులో దీన్ని స్లిప్ స్టిచ్ అంటారు. పొడుగు వైపులు 27, 27. పొట్టి వైపులు 3, 3. మొత్తం 60 ట్రెబుళ్ళు, నాలుగు మూలలా నాలుగు సందులు. ఇంతవరకూ వస్తే దుప్పటి వచ్చినట్టే.

రెండో చుట్టుకు పనిని వెనక్కి తిప్పండి. ఈ తిప్పడం మానెయ్యకండి సుమండీ! తిప్పకుండా ఒకే దిక్కుగా అల్లుకుంటూ పోతే ట్రెబుళ్ళన్నీ ఒక పక్కకు వాలి, పెద్దదయేసరికి దుప్పటి గాలిమరలా మెలి తిరుగుతుంది. చుట్టు చుట్టుకూ తిప్పితే ఆ వాలు ఇటొకసారి, అటొకసారి పడి సర్దుకుంటుంది. తిప్పగానే మొదటి మూల సందు సూది పక్కనే ఉంటుంది. అందులోకి జారుకుట్టు వేసి, మూడు చైన్లు, ఒక ట్రెబుల్ వెయ్యండి. తరవాత ప్రతి కుట్టు మీదా ఒక ట్రెబుల్. మిగతా మూడు మూలల్లో ఒక్కోదానిలో రెండు ట్రెబుళ్ళు, రెండు చైన్లు, రెండు ట్రెబుళ్ళు. చుట్టు తిరిగి మొదటి మూలకు వచ్చాక అందులోనే రెండు ట్రెబుళ్ళు, రెండు చైన్లు వేసి కలిపెయ్యండి.

ఇకనుంచి చివరిదాకా మూలల పద్ధతి ఇదే. ఒక్కో చుట్టుకు ఒక్కో వైపున నాలుగు ట్రెబుళ్ళు పెరుగుతాయి. రెండో చుట్టులో పొడుగు వైపు 31, పొట్టి వైపు 7 ఉండాలి. పదో చుట్టులో 63, 39 ఉండాలి. ముప్ఫయ్యో చుట్టులో 143, 119. ఈ అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి. అయిదారు చుట్లకొకసారి లెక్క చూసుకుంటే చాలు, రోజూ లెక్కపెట్టనక్కరలేదు.

ఇప్పుడు అందం సంగతి. సాదా ట్రెబుల్ ఒక్కటే వేస్తే దుప్పటి బల్లపరుపుగా ఉంటుంది. పైకి ఉబ్బిన గీతలు వేస్తే చూపుకు బాగుంటుంది, వాటి మధ్య గాలి నిలిచి వెచ్చదనమూ పెరుగుతుంది. పైగా చూపు మందగించిన పెద్దవారికి, మతిమరుపు వచ్చి ఏదో ఒకటి తడుముకుంటూ ఉండేవారికి, వేళ్ళ కింద ఆ గట్లు తగులుతూ ఉంటే కాస్త కాలక్షేపం.

ఈ ఉబ్బు కుట్టు కష్టమేమీ కాదు. మామూలుగా ట్రెబుల్‌ను కింది కుట్టు తలలో దూర్చి వేస్తాం. ఉబ్బు కుట్టుకు తల వదిలేసి, దాని కాడను పట్టుకోవాలి. సూదికి దారం చుట్టి, కాడకు కుడి పక్కన ముందునుంచి వెనక్కి దూర్చి, ఎడమ పక్కన మళ్ళీ ముందుకు తీసుకురండి. కాడ సూదిమీదికి వస్తుంది. ఇక దారం లాగి మామూలు ట్రెబుల్‌లాగే ముగించండి. ఆ కుట్టు ముందుకు పొడుచుకొచ్చి గట్టులా నిలబడుతుంది. ఈ కుట్టు కొంచెం బిగుస్తుంది గనక దారాన్ని మామూలుకన్న కాస్త పొడుగ్గా లాగండి.

మొదటి రెండు చుట్లూ సాదాగా వెయ్యండి. మూడో చుట్టునుంచి బేసి చుట్లన్నీ ఉబ్బు చుట్లు, సరి చుట్లన్నీ సాదా చుట్లు. చుట్టు చుట్టుకూ తిప్పుతున్నాం గనక బేసి చుట్లన్నీ దుప్పటి ముందు వైపే వస్తాయి, గట్లన్నీ ఒకే వైపు తేలతాయి. ఉబ్బు చుట్టులో మూల సందులో వేసేవి ఎప్పుడూ సాదా ట్రెబుళ్ళే. తరవాత కింది కుట్లలో మొదటిదాని మీద సాదా, రెండోదాని మీద ఉబ్బు, మూడోదాని మీద సాదా, ఇలా ఒకటి విడిచి ఒకటి. ప్రతి వైపూ బేసి సంఖ్య గనక సాదాతో మొదలై సాదాతోనే ముగుస్తుంది. ఇందాక గొలుసు బేసిలో ఉండాలన్నది ఇందుకే. గట్లు ఒకదానిమీద ఒకటి వరసగా నిలుస్తాయి. నాలుగు వైపులా బయటికి సాగి, మూలల దగ్గర ఐమూలగా కలుసుకుంటాయి. ముగ్గు వేసినట్టే ఉంటుంది.

అయిదారు చుట్లు అయ్యాక బల్లమీద పరిచి చూడండి. అంచులు అలల్లా లేస్తున్నాయా? అంటే కుట్లు వదులుగా ఉన్నాయి. ఒక సైజు చిన్న సూది తీసుకోండి, లేదా మూలలో రెండు చైన్లకు బదులు ఒక్క చైనే వెయ్యండి. గిన్నెలా గుంట పడుతోందా? అంటే బిగిసింది. ఒక సైజు పెద్ద సూది తీసుకోండి. దుప్పటి చిన్నగా ఉన్నప్పుడే ఇది సరిచేసుకోవాలి. ఉతికితే సర్దుకుంటుందిలే అని వదిలెయ్యకండి, సర్దుకోదు.

ఇంకొక ముఖ్య విషయం ఉన్ని ఖర్చు. మొదటి చుట్టుకు 60 ట్రెబుళ్ళు అనుకున్నాం గదా. ఆ తరవాత ప్రతి చుట్టుకూ 16 ట్రెబుళ్ళు ఎక్కువవుతూ పోతాయి. ముప్ఫయ్యో చుట్టుకు వచ్చేసరికి 524. మొత్తం దుప్పటికి 8,760. పదిహేను చుట్లు అయేసరికి సగం దుప్పటి అయిపోయింది, ఉన్ని బోలెడు మిగిలింది అని సంతోషిస్తాం. కాని అప్పటికి పడ్డవి 2,580 కుట్లే, మూడో వంతు కూడా కాదు. మిగతాదంతా బయటి చుట్లే తినేస్తాయి. కాబట్టి పాత స్వెట్టర్ల ఉన్ని, మిగిలిపోయిన చిన్న చిన్న ఉండలు ఉంటే మధ్యలో వాడండి. ఎక్కువ ఉన్న రంగును బయటికి ఉంచుకోండి. రంగు మార్చేటప్పుడు ఉబ్బు చుట్టు దగ్గర కాకుండా సాదా చుట్టు దగ్గర మార్చండి. ఉబ్బు కుట్టు కింది చుట్టు కాడను పట్టుకుంటుంది గనక, అక్కడ మారిస్తే కొత్త రంగు కింది రంగు మీదికి పళ్ళలా దిగుతుంది. ఆ తీరు మీకు నచ్చితే అలాగే మార్చుకోండి, అదీ ఒక అందమే. దారం కొసలు నాలుగు అంగుళాలు తగ్గకుండా వదిలి, సూదితో ఒకసారి ఇటూ ఒకసారి అటూ కుట్ల లోపలికి దాచండి. ముడి వేసి కత్తిరించకండి. ముడి చర్మానికి గుచ్చుకుంటుంది.

నింపాదిగా నిమిషానికి పది ట్రెబుళ్ళు వేసే చేతికి ఈ దుప్పటి సుమారు పదిహేను గంటల పని. రోజుకు అరగంట చొప్పున ఒక నెల. ఈ పదిహేను గంటలను ఖాళీ వేళ అని మాత్రం కొట్టిపారెయ్యకండి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం లేసు అల్లేవారిమీద 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్‌కు సరుకు తయారుచేస్తున్నా ఆ స్త్రీలను ఇల్లాళ్ళుగానే, వాళ్ళ పనిని తీరిక వేళల కాలక్షేపంగానే లెక్కకట్టారని, అందువల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపించారు. మనం మన ఇంటికోసం అల్లుకుంటున్నాం, కూలి ప్రసక్తి లేదు. అయినా అది పనే. ఎవరైనా ఈ దుప్పటి చూసి "మాకూ ఒకటి అల్లిపెట్టండి" అంటే, ఉన్ని ఖరీదు ఒక్కటే చెప్పకండి. పదిహేను గంటల సంగతి కూడా చెప్పండి.

ఇక ఎక్కడ ఆపాలి? ఇరవై చుట్లు దాటాక ఆ మనిషిని వారు రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టండి. దుప్పటి ఒళ్ళో పరచండి. పొడుగు వైపు నిలువుగా రావాలి. పై అంచు నడుము దగ్గర ఉంచితే కింది అంచు ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. ఇంకా ఎంత కావాలో కొలవండి. ఒక్కో చుట్టుకు మొత్తంమీద రెండున్నర సెంటీమీటర్లు, అంటే ఒక అంగుళం పెరుగుతుంది. ఆరు అంగుళాలు తక్కువయితే ఇంకో ఆరు చుట్లు. పొట్టిగా ఉన్నవారికి 26 చుట్లు చాలవచ్చు. అప్పుడు సుమారు 79 సెంటీమీటర్ల పొడుగు, 64 వెడల్పు వస్తుంది. పొడుగరికి, వెడల్పు అంతే ఉంచి పొడుగు మాత్రమే పెంచాలంటే ఆ సంగతి మొదటే అనుకోవాలి. తేడా 30 సెంటీమీటర్లు కావాలంటే గొలుసు 51 వెయ్యండి. అందుకే ముందు మనిషిని చూసి తేడాను నిర్ణయించుకోండి. మిగతాది తరవాత చూసుకోవచ్చు.

లేచి నడిచేవారికయితే కింది అంచు చీలమండకు పైనే ఆగాలి, పాదం మీదికి రాకూడదు. చక్రాల కుర్చీ అయితే పక్కలు చేతుల ఆనికకు లోపలే మడతపడాలి. చక్రం వైపు వేలాడితే చువ్వల్లో చిక్కుకుంటుంది. ఈ కారణంగానే అంచుకు కుచ్చులు, జాలర్లు వద్దంటాను. చివర ఒక్క చుట్టు, అమెరికా పుస్తకాల్లో సింగిల్ క్రోషే అనే కుట్టు వేసి ముగిస్తే చాలు. అంటే సూది దూర్చి, దారం లాగి, సూదిమీది రెండు ఉచ్చులనూ ఒకేసారి విడిపించడం. మూలల్లో మాత్రం మూడేసి వెయ్యండి.

మధుమేహం ఉన్నవారి విషయంలో ఇంకాస్త జాగ్రత్త. కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. పెద్ద పెద్ద కన్నాల డిజైను అల్లితే కాలివేలు అందులో చిక్కుకున్నా వారికి తెలియదు. మన ట్రెబుల్ అల్లిక దగ్గరగా ఉంటుంది గనక ఆ భయం లేదు. అలాగే వెచ్చదనం చాలలేదని దుప్పటి కింద వేణ్ణీళ్ళ సంచి పెట్టకండి. చర్మం కాలినా తెలియకపోవచ్చు. మరొక్క మాట. ఈ దుప్పటి పైన కప్పడానికే. మెత్తగా ఉంది గదా అని మడతపెట్టి కూర్చునేవారి కిందికి తోయకండి. గంటల తరబడి కదలని మనిషికి కింద మడతలూ గట్లూ ఒత్తుకుంటే చర్మం కమిలి పుండ్లు పడే ప్రమాదం ఉంది.

ఉతకడం సులువే. చన్నీళ్ళలో సబ్బు పొడి కలిపి, ముంచి, మెల్లగా నొక్కాలి. బండకేసి బాదకూడదు, మెలిపెట్టి పిండకూడదు. పెద్ద తువ్వాల్లో చుట్టి నొక్కితే నీరు పోతుంది. దండెం మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగిపోతుంది. నీడలో మంచం మీదో చాప మీదో పరిచి, అంచులు సరిచేసి ఆరనివ్వండి. గొర్రె ఉన్నిదయితే దాచేముందు బాగా ఆరబెట్టి, ఎండిన వేపాకు గుడ్డలో కట్టి మధ్యలో పెట్టండి.

చివరగా ఒక్క మనవి. దుప్పటి చూసి ముచ్చటపడిన మనవరాలో మనవడో ఇంట్లో ఉంటే, మధ్యలో ఒక సాదా చుట్టు వాళ్ళచేత వేయించండి. మగపిల్లలైనా సరే. ఒక్క వైపు అల్లేసరికి ట్రెబుల్ చేతికి వచ్చేస్తుంది. రంగు ఏది కావాలో మాత్రం కప్పుకునే పెద్దవారినే అడగండి. వయసు మళ్ళింది గదా అని బూడిదరంగూ ముదురు గోధుమరంగూ మనమే తెచ్చిపెడతాం. అడిగి చూడండి, వంగపండు రంగు కావాలంటారేమో!

ఈసారి ఉన్ని ఉండలు కొనడానికి వెళ్ళేముందు టేపు తీసుకుని, కుర్చీలో కూర్చున్నవారి దగ్గరికి వెళ్ళండి. నడుమునుంచి చీలమండదాకా ఒక కొలత, ఈ చేతి ఆనికనుంచి ఆ చేతి ఆనికదాకా ఒక కొలత. పక్కల మడతకు ఒక్కో వైపున జానెడు తక్కువగా కలుపుకోండి. ఆ పొడుగూ ఈ వెడల్పూ మధ్య తేడా రాసుకోండి. మీ గొలుసు పొడుగు అదే.